సుగుణ భైరవి, ఆది తాళం

మా చర్చికి కొత్త పాటల పుస్తకం అచ్చు వేయిస్తున్నారు. పాత నోటు పుస్తకాలు ఎవరింట్లో ఉన్నా తెచ్చి ఇవ్వమని ఆదివారం ప్రకటన చేశారు. ఇంటికొచ్చి అటక మీది రేకు పెట్టె దింపించాను. అందులో మామ్మ బట్టలు కత్తిరించే కత్తెర, మూత లేని ఫ్లాస్కు, ఎవరిదో తెలియని కళ్ళజోడు, అన్నిటికీ అడుగున అట్ట చిరిగిన లాంగ్ నోటు పుస్తకం దొరికాయి. మొదటి పేజీలో నా చేతిరాతే ఉంది: ‘క్రిస్మస్ పాటలు. ఇతరులు ముట్టరాదు.’ ముట్టిందెవరో గానీ పేజీల నిండా నూనె మరకలు. కజ్జికాయల నూనె అని నా నమ్మకం, ఎందుకంటే ముట్టింది నేనే.

ఆ పుస్తకాన్ని మా చర్చిలో కీబోర్డు వాయించే హర్షిత పట్టుకెళ్ళింది. భీమవరంలో ఏదో ఆఫీసులో పనిచేస్తుంది, ఆదివారం మాత్రం మాది. రెండు రోజుల్లో తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే మొదలుపెట్టింది. “ఆంటీ, పాటలు సూపరండి. కానీ మూడు పాటల మీద రాగాలు రాశారు చూడండి, అవి నెట్‌లో ఎక్కడా దొరకట్లేదండి. సుగుణ భైరవి అని కొడితే ఎవరిదో పెళ్ళి వీడియో వస్తోంది. తెలియని రాగాలుంటే తీసేద్దామంటున్నారు కమిటీలో. మీరు రాసిందే కదండీ, ఏం చెయ్యమంటారు?” ఆదివారం చెబుతానన్నాను. చెప్పడానికి నిజం ఒక్క ముక్కే ఉంది. కానీ ఆ ముక్క చెబితే, చర్చి ఆఫీసు గదిలో ఫొటోలో కండువాతో కూర్చున్న మా తాతయ్య ఇన్నేళ్ళ తర్వాత ఊరందరి ముందూ నవ్వులపాలవుతాడు. ఎందుకంటే లేని ఆ రాగాలను వేదిక మీద నిలబడి సంఘానికంతటికీ విడమరిచి చెప్పింది ఆయనే.

అది మా ఊరికి కేబుల్ టీవీ వచ్చిన ఏడాది. అంతవరకు మాకు పాటంటే సినిమా పాట, లేకపోతే చర్చి పాట. మధ్యలో ఇంకో జాతి ఉందని తెలియదు. కేబుల్‌తో పాటు ఆల్బం పాటలని వచ్చాయి. సినిమా ఉండదు, కథ ఉండదు, ఉత్త పాటే. మా మామ్మ ఒకసారి చూసి, “ముందూ వెనకా ఏమీ లేకుండా ఆ పిల్ల ఎందుకే అలా గెంతుతోంది, చీమలు కుట్టాయా?” అని అడిగింది. అన్నీ హిందీలో ఉండేవి. మాకు హిందీ అంటే పరీక్షలో పాసు మార్కులు తెచ్చుకునేంతవరకే పరిచయం. అందుకని పాటలకు మేమే పేర్లు పెట్టుకున్నాం. కొండ దారిలో ఒకమ్మాయి హారన్ కొట్టుకుంటూ పోయేది ఎర్ర స్కూటరు పాట. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, ఏడుస్తూ, మధ్యలో డాన్సు కూడా చేసేది ఉల్లిపాయల పాట. ఒక పొడుగు జుట్టు కుర్రాడు జోరు వానలో చేతిలో గొడుగుండి కూడా తెరవకుండా తడిసేది గొడుగు పాట. వాడిని చూసి మేం ముగ్గురం మూడు రకాలుగా జాలిపడేవాళ్ళం. ఆ ఏడాది మా ప్రపంచంలో ఇంకే పాటా లేదు.

ముగ్గురం అంటే సుగుణ, మెర్సీ, నేను. మా ఇంట్లో టీవీ లేదు. తాతయ్య మిషను బడిలో హెడ్మాష్టరుగా చేసి రిటైరయ్యాడు, సంఘ పెద్ద. టీవీని ‘ఆ డబ్బా’ అనేవాడు, రేడియోలో వార్తలు అయిపోగానే తర్వాతి పాట మొదటి అక్షరం కూడా రాకుండా చెవి మెలిపెట్టినట్టు దాని బుడిపె మెలిపెట్టేవాడు. అందుకని బడి అవగానే సుగుణ వాళ్ళ నాన్నగారి రొయ్యల మేత గోడౌనుకు పరిగెత్తేవాళ్ళం. మేత కొనడానికి వచ్చే రైతులు క్రికెట్ చూస్తారని ఆఫీసు గదిలో ఆయన టీవీ పెట్టించాడు. మేత బస్తాల మీదెక్కి కూర్చుని చూసేవాళ్ళం. ఎండు చేపల పొడి వాసన లంగా ఓణీలకు, జడలకు పట్టేది. ఇప్పటికీ ఎక్కడైనా ఆ రోజుల హిందీ పాట వినిపిస్తే నాకు ముందు రొయ్యల మేత వాసన వస్తుంది, ఆ తర్వాతే రాగం వస్తుంది.

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ పాటలు రోజుకొక్కసారే వచ్చేవి, నాలుగున్నరకు. వచ్చాయంటే వచ్చాయి, పోయాయంటే పోయాయి. వెనక్కి తిప్పుకోవడం లేదు, క్యాసెట్ కొనడానికి చేతిలో డబ్బుల్లేవు. అందుకని పని పంచుకున్నాం. పాటలో మొదటి ముక్క సుగుణ పట్టుకోవాలి, రెండోది మెర్సీ, మూడోది నేను. పాట అవగానే ఎవరి ముక్క వాళ్ళం నోట్లో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఇళ్ళకు పోవాలి. మాట్లాడితే వరస ఒలికిపోతుందని మా భయం. మర్నాడు బడిలో మూడు ముక్కలూ కలిపి కుట్టుకునేవాళ్ళం. నేను పెదాలు బిగించుకుని ఇంటికొచ్చి, మామ్మ ఏమడిగినా తలూపి ఊరుకుంటుంటే, పంటి నొప్పనుకుని ఆవిడ రోజూ ఒక లవంగం బుగ్గలో పెట్టేది. వద్దనాలంటే నోరు తెరవాలి. ఆ శీతాకాలం అంతా నేను లవంగాలు చప్పరిస్తూనే ఉన్నాను.

ఇంతలో క్రిస్మస్ దగ్గర పడింది. సున్నాలు వేయడం, వెదురు బద్దలతో నక్షత్రం కట్టడం, కేకు పిండి కలిపి డబ్బాల మీద ఇంటిపేర్లు రాసి బేకరీకి మోయడం, ఇవన్నీ ఉండేవి. ఇంకొక పని కూడా ఉండేది. ప్రతి ఏడూ ఆడపిల్లలు కొత్త పాటలు కట్టి క్రిస్మస్ నాడు పాడాలి. మాకు పదాలు దొరికాయి గానీ వరసలు ఎంత ప్రయత్నించినా స్కూటరు, ఉల్లిపాయలు, గొడుగుల వైపే పోయేవి. చివరికి ప్రయత్నం మానేశాం. ఎర్ర స్కూటరు వరసకు సుగుణ ఇలా రాసింది: ‘గొల్లలారా బయలుదేరండి, గొర్రెల్ని మేం చూసుకుంటాం.’ స్కూటరు హారన్ కొట్టే చోట ఏం పెట్టాలో తెలియక ‘హే’ అని రెండుసార్లు పొట్టిగా అనాలని నిర్ణయించాం. ఉల్లిపాయల పాటలో ఏడుపు వచ్చే చోట సత్రంలో చోటు లేదన్న ముక్క అతికినట్టు సరిపోయింది.

కొత్త పాట ఏదైనా ముందు తాతయ్యకు చూపించాలి. ఆయన సాయంత్రం వీధి అరుగు మీద పడక కుర్చీలో, మోకాళ్ళకు యూకలిప్టస్ నూనె రాసుకుని కూర్చునేవాడు. మా పాత కీర్తనల పుస్తకంలో ప్రతి పాట మీదా రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. కొత్త పాటకూ అవి ఉండాలని ఆయన పట్టు. “రాగం తాళం లేని పాట చిరునామా లేని ఉత్తరం లాంటిది, ఎటు పోతుందో ఎవరికి తెలుసు?” అనేవాడు. నిజానికి మా తాతయ్యకు సంగీతం ఒక్క పిసరు కూడా రాదు. చర్చిలో మొదటి బల్ల మీద కూర్చుని తొడ మీద తాళం వేస్తే అది ఎప్పుడూ పాటకు ఒక దెబ్బ వెనకే పడేది. అయ్యగారితో సహా ఈ సంగతి అందరికీ తెలుసు. పాస్టరును మేం అయ్యగారనే అంటాం. తెలియనిది తాతయ్యకు ఒక్కడికే, లేదా తెలిసినా ఒప్పుకోలేదు. హెడ్మాష్టరు నోట ‘నాకు తెలియదు’ అన్న మాట ఆ ఊళ్ళో ఎవరూ విన్న పాపాన పోలేదు.

కాగితం చూసి ఆయన సంతోషించాడు. “గొర్రెల్ని మేం చూసుకుంటాం అనడంలో బాధ్యత ఉందమ్మా. బాగుంది. మరి పైన ఖాళీగా ఉందేం? రాగమేది?”

“రాయడం మర్చిపోయామండి,” అంది సుగుణ.

“అయితే ఇప్పుడు రాయి,” అని ఆయన తన సిరా పెన్ను ఇచ్చాడు. హెడ్మాష్టారు పెన్నిచ్చి ఎదురుగా కూర్చుంటే సుగుణకు అది పరీక్ష హాలే. చెయ్యి దానంతట అదే పోయి కాగితం నెత్తిన తన పేరు రాసేసింది. సిరా కాబట్టి చెరపడానికి లేదు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి ఆ మొండిది తన పేరు పక్కన ‘భైరవి’ అని చేర్చి, కింద ‘ఆది తాళం’ అని కూడా రాసి, రెండు చేతులతో కాగితం అందిస్తోంది. తాతయ్య కళ్ళజోడు తీసి కండువాతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని చదివాడు. “సుగుణ భైరవి.” మెర్సీ నా ఓణీ కొంగు నలిపేస్తోంది. “ఊఁ. మంచి రాగం. ఈ రోజుల్లో పాడేవాళ్ళు తక్కువ,” అన్నాడు.

వీధి మలుపు తిరిగేదాకా ఆపుకుని, అక్కడ పంట కాలవ గట్టు మీద కూలబడి కడుపు నొప్పి వచ్చేదాకా నవ్వాం. అడుసులో ఒక కాలు పెట్టాక రెండోదానికి భయమేముంది? ఉల్లిపాయల పాట మెర్సీది కాబట్టి, ఆ పేరును తెలుగు చేసి కరుణ కళ్యాణి అన్నాం. గొడుగు పాట నాది. నా పేరు రత్నం. అది పెడితే తాతయ్య గుర్తుపడతాడని మా మామ్మ సుందరమ్మ పేరు అరువు తెచ్చుకుని సుందర కాంభోజి అని రాశాను. ఆ కాగితం చదివాక మాత్రం తాతయ్య తల తిప్పి, లోపల గిన్నెలు చప్పుడు చేస్తున్న వంటింటి వైపు ఒకసారి చూశాడు. “ఇది కాస్త మొండి రాగం. మనం చెప్పినట్టు వినదు. ఓపిక పట్టాలి,” అన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. మరుసటి ఆదివారం చర్చిలో ప్రకటనల వేళ ఆయన లేచి, ఈ ఏడాది మన పిల్లలు అరుదైన రాగాల్లో పాడబోతున్నారని చెప్పి, ఒక్కోదాన్నీ వివరించడం మొదలుపెట్టాడు. సుగుణ భైరవిలో దుఃఖం పాలు తక్కువట, సంతోషం పాలు ఎక్కువట. చివర్న వచ్చే ఆ రెండు ‘హే’లూ గమకాలట. పెద్దవాళ్ళు తలలూపారు. స్కూటరు హారన్‌కు సంఘం మొత్తం తలూపడం చూసి నాకు మొదటిసారి నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే తాతయ్య కాఫీ గ్లాసు కింద పెట్టి, “సోమయాజులు గారిని క్రిస్మస్‌కు పిలిచానమ్మా. ఈ రాగాలు వినాల్సిన మనిషి ఆయనే,” అన్నాడు.

సోమయాజులు గారు నరసాపురంలో వీణ మాష్టారు. తాతయ్యా ఆయనా కుర్రతనం నుంచీ స్నేహితులైనా ఒకరినొకరు ‘మీరు’ అని పిలుచుకునే స్నేహం. జీవితమంతా సంగీతం చెప్పిన మనిషి. ఆయన వేదిక మీదికొచ్చి ‘ఇలాంటి రాగాలు లేవు’ అన్నారంటే, తాతయ్య మళ్ళీ మొదటి బల్ల మీద తలెత్తుకుని కూర్చోలేడు. తప్పు చేసింది మేం, పరువు పోయేది ఆయనది. ముందే చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. మొదటిసారి ఆయన గడ్డం గీసుకుంటుంటే వెళ్ళాను. “ఇప్పుడు మాట్లాడించకు, తెగుతుంది,” అన్నాడు. రెండోసారి సాయంత్రం ఇంటి ప్రార్థన అవగానే, “తాతయ్యా, ఒక తప్పు ఒప్పుకోవాలి,” అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. “నాకెందుకమ్మా చెప్పడం? దేవుడికి చెప్పు,” అని నన్ను మోకాళ్ళ మీద కూర్చోబెట్టాడు. మనసులో అన్నీ చెప్పుకుని లేచి, “మీకు కూడా చెప్తాను,” అన్నాను. “ఆయనకు చెప్పాక మధ్యలో నేనెవరిని? అయిపోయింది,” అని నా తల నిమిరి పడుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి నాకు క్షమాపణ దొరికింది గానీ నిద్ర దొరకలేదు.

ఇక మామ్మే దిక్కు. కజ్జికాయలు వత్తుతున్న ఆవిడ పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఆవిడ నవ్వి నవ్వి, కొబ్బరి కోరు పళ్ళెం ఒళ్ళో ఒలకబోసుకుంది. “మీ తాతయ్యకు రాగాలా! పెళ్ళయిన కొత్తలో నాకోసమని పాట ఎత్తుకుంటే పక్కింటి గేదె పలుపు తెంపుకుపోయిందే. మూడు రోజులు వెతికారు.” ఏం చెయ్యమంటావని ఏడుపు గొంతుతో అడిగాను. “ఏం చేస్తావు, నోరు మూసుకుని పాడండి,” అంది. కాసేపు కజ్జికాయల అంచులు మడిచి, ఇటు చూడకుండా, “అవునే, నా పేరు పెట్టిన పాట ఏదీ, ఒకసారి పాడు,” అని అడిగింది. పాడాను. రెండోసారి కూడా పాడించుకుంది.

క్రిస్మస్ నాడు సోమయాజులు గారు పట్టు పంచెతో వచ్చి తాతయ్య పక్కన మొదటి బల్ల మీద కూర్చున్నారు. మేం పాడాం. వరసలు ఎక్కడా ఒలకలేదు. ఆయన మొదటి పాటకు కళ్ళు మూసుకున్నారు. రెండో పాటలో ఏడుపు ముక్క దగ్గర కళ్ళు తెరిచి మెర్సీని చూశారు. ఆయన పక్కన తాతయ్య ఒక దెబ్బ వెనకగా తాళం వేస్తూనే ఉన్నాడు. పాటలయ్యాక అయ్యగారు ఆయన్ను వేదిక మీదికి పిలిచి రెండు మాటలు చెప్పమన్నారు. నేను మెర్సీ వెనక్కి జరిగాను. సోమయాజులు గారు తాతయ్య వైపు చూశారు. మా తాతయ్య అప్పుడు ఎలా ఉన్నాడంటే, మొదటి బహుమతి వచ్చిన పిల్లాడి తండ్రిలా ఉన్నాడు.

“నేను ఇంతకాలం సంగీతం చెప్పానండీ,” అని మొదలుపెట్టారాయన. “నా దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరికీ ఈ మూడు రాగాలూ రావు. నేనింతవరకు ఏ కచేరీలోనూ వినలేదు. ఇక మీదట ఈ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా వినబోనని కూడా చెప్పగలను. ఇదంతా మా హెడ్మాష్టారి గొప్పతనం.” చప్పట్లు మోగాయి. ఆ మాటల్లో అబద్ధం ఒక్కటి కూడా లేదని నాకు అర్థం కావడానికి ఇంటికి చేరేదాకా పట్టింది.

ఇంటి దగ్గర ఆయనకు గుడ్డు తగలని కజ్జికాయలు, కాఫీ ఇవ్వడానికి నేనే వెళ్ళాను. తాతయ్య ఎవరినో సాగనంపడానికి గేటు దాకా వెళ్ళాడు. సోమయాజులు గారు గ్లాసు అందుకుని, గొంతు తగ్గించి, “అమ్మాయ్, ఆ రెండోది ఉల్లిపాయలది కదూ?” అన్నారు. “మా ఆవిడ రోజూ చూస్తుందమ్మా, నాలుగున్నరకు. నేను పక్కన పేపరు చదువుతున్నట్టు కూర్చుంటాను. ఆ గొడుగు వెధవ దాన్ని తెరవడేం? చూస్తుంటే నాకే జలుబు చేస్తోంది.” కజ్జికాయ కొరికి, గేటు వైపు చూపించారు. “మాష్టారికేం చెప్పకు. చాలా సంతోషంగా ఉన్నారు.”

చెప్పలేదు. తాతయ్య బతికినన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఆయనకు తెలుసా, తెలియదా అని సుగుణా నేనూ ఈనాటికీ వాదించుకుంటాం. సుగుణ ఇప్పటికీ ఈ ఊళ్ళోనే ఉంది, చర్చిలో నా పక్కనే కూర్చుంటుంది. మెర్సీ కాకినాడలో ఉంది, ఫోన్‌లో తగువు తీరుస్తుంది. సుగుణ తెలియదంటుంది. నేనేమో ఆయన వంటింటి వైపు చూసిన ఆ చూపు సంగతి చెబుతాను. ఆ చూపు నువ్వు కలగన్నావంటుంది. ఇప్పుడు ఫోన్‌లో ఏ పాటయినా ఎన్నిసార్లయినా వస్తుంది, ఒలికిపోతుందన్న భయం లేదు. మా మనవరాలు ఒక పాట సగం విని ఇంకోదానికి పోతుంది, అదీ సగమే. నేను ఆ మూడు పాటలూ ఫోన్‌లో వెతికించుకుని విన్నాను. స్కూటరు చాలా చిన్నది. ఉల్లిపాయలు ఆ అమ్మాయి అసలు తరగనే లేదు, ఊరికే కత్తి ఆడించింది. మా వరస చాలాచోట్ల వేరుగా ఉంది. మాదే బాగుంది. లవంగం చప్పరిస్తూ మోసుకొచ్చిన పాటకూ, వేలితో తోసేసే పాటకూ తేడా ఉండదా అని మనవరాలిని అడిగితే, “మామ్మా, నీకు పంటి నొప్పా?” అంది.

ఆదివారం వచ్చింది. ఆరాధన మొదలుకాకముందే హర్షిత నా బల్ల దగ్గరికొచ్చి, “ఆంటీ, రాగాల సంగతి,” అంది. సుగుణ బైబిల్లో తల దూర్చేసింది. ఏం చెప్పాలో వారమంతా ఆలోచించి పెట్టుకున్నాను. నోరు తెరిచేసరికి నాలోంచి ఇంకొకరి గొంతు వచ్చింది. “అవి నెట్‌లో దొరకవమ్మా. మంచి రాగాలు. ఈ రోజుల్లో పాడేవాళ్ళు తక్కువ. అలాగే అచ్చు వెయ్యండి.” హర్షిత నన్ను చూసింది, సుగుణను చూసింది, బైబిలు మీద బంగారు అక్షరాల్లో ఉన్న సుగుణ పేరు చూసింది. “సరేనండి,” అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాతి వారం తను కట్టిన కొత్త క్రిస్మస్ పాట తెచ్చి నా చేతిలో పెట్టింది. పాటలు చూసి సరేననే పని ఇప్పుడు నాదే. కాగితం నెత్తిన పొందికగా అచ్చు కొట్టి ఉంది: ‘రాగం: అభిషేక వసంతం. తాళం: ఆది.’ నేను కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నాను. వేదిక పక్కన డ్రమ్స్ ముందు కూర్చునే అభిషేక్ ఎందుకో తిరగని ఫ్యానును శ్రద్ధగా చూస్తున్నాడు. హర్షిత రెండు చేతులూ కట్టుకుని నిలబడింది, చెవులు ఎర్రగా ఉన్నాయి.

“అభిషేక వసంతం,” అన్నాను. “ఊఁ. మంచి రాగం. కాస్త మొండిది, ఓపిక పట్టాలి.”

ఆ పిల్ల కీబోర్డు దగ్గరికి దాదాపు పరిగెత్తింది. పాట ఎత్తుకున్నారు. వరస నాకు తెలియదు గానీ, వెనక బల్లల మీది పిల్లలు అప్పుడే మూతులు బిగబట్టి నవ్వుతున్నారంటే అది ఏ ఫోన్‌లోంచి వచ్చిందో వాళ్ళకు తెలుసు. బాగుంది. చాలా బాగుంది. నేను తొడ మీద తాళం వేస్తూ వింటున్నాను. సుగుణ మోచేత్తో పొడిచింది.

“ఒక దెబ్బ వెనకున్నావే, రత్నం.”